గాజుదూదీ, గౌరవ సలహాదారూ

"నిచ్చెన జారితే?" అంది తిరుపతమ్మ.

నిచ్చెన ఇంకా ఇంట్లోకి రానేలేదు. ఆమె భర్త బసవయ్య ఎదురింటి వాళ్ళనడిగి దాన్ని భుజాన వేసుకుని అప్పుడే గేటు తోస్తున్నాడు. తిరుపతమ్మ దిగులు పడటానికి వస్తువు కళ్ళబడాల్సిన పనిలేదు, చప్పుడైతే చాలు.

"నాన్న పట్టుకుంటాడుగా అమ్మా," అంది కూతురు నీలిమ, జడ పైకి ముడేసుకుంటూ.

"పట్టుకున్న మనిషికి తుమ్మొస్తే?"

బసవయ్య నిచ్చెనని గోడకి చేరేశాడు. బస్సు డిపోలో టైర్లు బిగించే మనిషాయన. పగలంతా ఇనుముతో కుస్తీపట్టి ఇంటికొచ్చాక మాటలకి ఓపిక మిగలదు. మిగిలినా, ఆ ఇంట్లో మాటల కొరత ఎప్పుడూ లేదు.

పుప్పాలవరంలో వాళ్ళది చిన్న డాబా, దాని మీద రేకుల గది. ఆ గది నీలిమది. కానిస్టేబులు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి, వచ్చే శనివారం పొద్దున పోలీసు మైదానంలో జరిగే పరుగు కోసం కాచుక్కూర్చుంది పిల్ల. తెల్లవారుజామున పరిగెత్తి వచ్చి మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలంటే, మే నెలలో ఆ రేకుల కింద మనిషి పెనం మీద అట్టులా తనని తాను తిరగేసుకోవాల్సిందే. అందుకని ఫోనులో ఎవరో చేసి చూపిస్తే చూసి, రేకుల కింద గాజుదూది పరిచి, పైన అట్టలు బిగిద్దామని తనే పూనుకుంది. ఎండ వేడిని కిందికి దిగనివ్వని దూది అది. చుట్ట విప్పితే పసుపుపచ్చగా, బొద్దుగా, తిరనాళ్ళలో అమ్మే పీచుమిఠాయిలా ఉంది.

ఆ ఆదివారం తిరుపతమ్మ మెట్ల మీద నిలబడి భయపడాల్సినవన్నీ వరసగా భయపడింది. సుత్తి వేలిమీద పడటం, కరెంటు తీగ తగలడం, రేకుల సందులో కందిరీగలు రేగడం, పైనుంచి బల్లి జారి ఆవులిస్తున్న నోట్లో పడటం, దేన్నీ వదిలిపెట్టలేదు. ఒక్క దూది సంగతే ఆమెకి తట్టలేదు. దూదికి భయపడేవాళ్ళు ఎవరుంటారు?

సాయంత్రానికి ఆమె అనుకున్నవేవీ జరగలేదు. దూది జరిగింది.

ముందు నీలిమ ముంజేతులు, తర్వాత మెడ, ఆ తర్వాత మోచేతి మడతలు. బసవయ్య డిపో అలవాటు కొద్దీ పొడుగుచేతుల ఖాకీ చొక్కా వేసుకున్నాడు గనక బతికిపోయాడు. పిల్ల మాత్రం ఉక్కపోతకి పొట్టిచేతుల చొక్కాతో చేసింది పనంతా.

"చీమలు పాకుతున్నట్టుందమ్మా. కాదు, చీమలు సూదులు పట్టుకుని పాకుతున్నట్టుంది."

దీపం కింద చెయ్యి అటూ ఇటూ తిప్పి చూస్తే, కంటికి ఆనీ ఆనని గాజు నూగు తళుక్కుమని మాయమవుతోంది.

బసవయ్య దూది అమ్మిన హార్డ్‌వేరు షాపుకి ఫోను చేశాడు. షాపాయన ఇలాంటివి రోజూ వినేవాడిలా ఆవులిస్తూ చెప్పాడు. "గోకొద్దు, రుద్దొద్దు. ప్యాకింగు టేపు అంటించి మెల్లిగా లాగండి, దాంతోపాటే వచ్చేస్తాయి. ఆనక చన్నీళ్ళు ధారగా పొయ్యండి. అంతే, పొద్దుటికి హాయిగా ఉంటది."

తిరుపతమ్మ టేపు ముక్క కత్తిరించి, కూతురి ముంజేతి మీద అంటించి, ఊపిరి బిగబట్టి లాగింది. టేపుకి జరీ రజనులా మెరుస్తూ నూగు అతుక్కుని వచ్చేసింది.

"అబ్బ! ప్రాణం లేచొచ్చిందమ్మా. ఇంకోటి వెయ్యి."

తిరుపతమ్మ రెండో ముక్క కత్తిరించింది. కత్తిరించి, ఆగింది.

"సగం విరిగి లోపలుండిపోతే?"

"అమ్మా!"

"ఆ సగం నెత్తుట్లో కలిసి గుండెకాయ దాకా పోతే?"

సరిగ్గా అప్పుడే ఆమెకి బోర్డు గుర్తొచ్చింది.

ఆ బోర్డు పుప్పాలవరంలో ప్రతి వీధి మలుపులోనూ ఉంది. కిందటేడు పురపాలక సంఘం ఉపాధ్యక్షులవారి బావమరిది అరికాల్లో తుమ్మముల్లు దిగితే, ఆయన భార్య పిన్నీసుతో పీకింది. కాలు వాచింది. వాచిన కాలికి బూటు పట్టక ఆయన మంచినీళ్ళ ట్యాంకు ప్రారంభోత్సవానికి రాలేకపోయాడు. రిబ్బను వేరేవాళ్ళు కత్తిరించారు. ఇంతటి అనర్థం మళ్ళీ జరగకూడదని పురపాలక సంఘం వెంటనే పరాయి పదార్థాల తొలగింపు విభాగాన్ని నెలకొల్పి, ఒంట్లో దిగిన ఏ ముల్లునైనా, పెంకునైనా, పుడకనైనా ఎవరికి వారు తీసుకోవడాన్ని నిషేధించింది. "ముల్లు మీది కాదు. దాన్ని పీకే హక్కూ మీది కాదు," అని బోర్డు. కింద నవ్వుతున్న పాదం బొమ్మ.

ఊళ్ళో జనం ముళ్ళు పీక్కోవడం మానలేదు. తలుపులు వేసుకుని పీక్కుంటున్నారు. ఊరు మొత్తం మీద ఆ బోర్డుని నమ్మిన మనిషి తిరుపతమ్మ ఒక్కతే. అటుగా వెళ్ళినప్పుడల్లా ఆ పాదానికి దణ్ణం కూడా పెట్టుకునేది.

"పెద్దాఫీసులో తీయిద్దాం," అంది టేపు పక్కన పెట్టేసి. "వాళ్ళయితే చదువుకున్నవాళ్ళు. ఒక్కపూట పని."

"ఏమండీ, మీరన్నా చెప్పండి," అని ఆమే మళ్ళీ భర్తవైపు తిరిగింది. బసవయ్య టేపు చుట్టని చూశాడు, భార్యని చూశాడు, చుట్టని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

* * *

పరాయి పదార్థాల తొలగింపు విభాగం మొదలయ్యాక ఇప్పటిదాకా ఒక్క ముల్లు కూడా తీయలేదు. తీసినవాటిలో ఒక్క పొరపాటూ జరగనందుకు ప్రశంసాపత్రం మాత్రం అందుకుంది. అది అద్దం కట్టించి గుమ్మం మీద వేలాడదీశారు.

లోపల రెండు కిటికీలు. ఒకదాని మీద "పదునైన పదార్థాలు," రెండోదాని మీద "మెత్తని పదార్థాలు."

"ఏం దిగిందమ్మా?" అన్నాడు పదునైన కిటికీలో గుమాస్తా.

"గాజుదూది బాబూ."

"గాజా? అయితే ఇక్కడే. దూదా? అయితే పక్క కిటికీ."

"రెండూ ఒకటే బాబూ."

"రెండూ ఒకటే ఎట్టా అవుతయ్యమ్మా! గుచ్చుకుంటే మా వైపు, గుచ్చుకోకపోతే వాళ్ళ వైపు."

"గుచ్చుకుంటందయ్యా బాబూ," అంది నీలిమ పళ్ళ బిగువున.

పక్క కిటికీలోంచి మెత్తని పదార్థాల గుమాస్తా తల బయటికి పెట్టాడు. "పట్టుకుంటే మెత్తగుంటదా లేదా? అది చెప్పమ్మా ముందు. మా పరిధిలోకి వచ్చేదాన్ని ఆయన లాక్కుంటానంటే ఊరుకునేది లేదు."

ఇద్దరూ కాసేపు వాదించుకున్నాక సంగతి అధికారి దగ్గరికి వెళ్ళింది. పురుషోత్తంగారు తెల్లచొక్కా నలగకుండా కుర్చీలో నిటారుగా కూర్చునే మనిషి. ఎదుటి మనిషి ముఖంలోకి కాక, ఆ మనిషి వెనక గోడమీద ఏదో రాసి ఉన్నట్టు చూసి మాట్లాడతారు.

"సదరు పదార్థం దేహంలోనికి అనధికారికంగా ప్రవేశించినట్లు ప్రాథమికంగా అవగతమవుతున్నది," అన్నారు. "అమ్మా, మా విభాగపు మూలసూత్రం ఒక్కటే. ప్రమాదం జరిగిన పిదప చర్య తీసుకొనుట కాదు. జరగబోవు ప్రమాదాలను ముందుగానే ఊహించి, అవి జరగకుండునట్లు ఏ చర్యా తీసుకొనకుండుట. కావున సెలవియ్యండి. ఇంకేమేమి జరగవచ్చునని తమరి ఆందోళన?"

తిరుపతమ్మ తన చెవుల్ని తాను నమ్మలేకపోయింది.

ఆ ప్రశ్న ఆమెని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు. పుట్టింట్లో నోరు మూసుకోమనేవాళ్ళు. అత్తగారు వినపడనట్టు పప్పు తిరగమోత పెట్టేది. బసవయ్య సరేసరి. కూతురైతే సగంలోనే "అమ్మా!" అనేది. ఇన్నేళ్ళుగా సగంలో ఆగిపోయిన దిగుళ్ళన్నీ ఆమె గొంతులో క్యూ కట్టి ఉన్నాయి. ఇవాళ తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి, కలం మూత తీసి, రాసుకుంటానంటున్నాడు!

కొంగు నడుముకి దోపి మొదలుపెట్టింది.

"అవి ఒంటిమీంచి గాల్లోకి లేచి ఇంకోళ్ళ కంట్లో పడితే సారూ?"

"పడవచ్చును," అన్నారు పురుషోత్తంగారు గౌరవంగా. గుమాస్తా వైపు తిరిగి, "రాయండి. అభ్యర్థినిని ఇతరుల నుండి వేరుగా ఉంచవలెను."

"అభ్యర్థినేంటండీ, నేనేం అడిగాను మిమ్మల్ని?" అంది నీలిమ.

"గోక్కుంటే ఇంకా లోపలికి దిగితే?"

"దిగవచ్చును. రాయండి. గోకుటను అనధికార తొలగింపు ప్రయత్నంగా పరిగణించవలెను."

నీలిమ చెయ్యి మెడ దగ్గరే ఆగిపోయింది.

"మరి సారూ, పని చేసినప్పుడు వేసుకున్న చొక్కా ఇదిగో, చూపిద్దామని సంచిలో తెచ్చాను. మూటగట్టి మూల పడేస్తే, ఈ ఎండలకి వేడెక్కి అంటుకుంటే?"

పురుషోత్తంగారు మొదటిసారి గోడమీంచి చూపు తిప్పి ఆమెని చూశారు. విభాగంలో అందరూ డిగ్రీలు చదివినవాళ్ళు, ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు. "అద్భుతం. నమూనా వస్త్రమును మూటగట్టరాదు. నిరంతరం గాలి తగులునట్లు ఈ కార్యాలయంలోనే వేలాడదీయవలెను."

ప్యూను ఆ చొక్కాని తెచ్చి ఫ్యాను కింద కొక్కేనికి తగిలించాడు. చొక్కా రెండు చేతులూ చాపుకుని గదంతా గిరగిరా తిరగసాగింది.

తిరుపతమ్మకి ఒళ్ళు తేలికపడ్డట్టయింది. దిగులు చెప్పుకుంటే ఇంత సుఖమని తెలీదు. తెలిస్తే ఈ ఆఫీసుకి ఎప్పుడో వచ్చేది. ఇంకా ఏమైనా మిగిలిందా అని లోపల వెతుక్కుంటుంటే ఒకటి చేతికి తగిలింది.

"శనివారం మా పిల్ల పరిగెత్తాలి సారూ. పరిగెత్తితే చెమట పడుతుందిగా. ఆ చెమటలో తడిసి అవి..."

"అమ్మా, వద్దు!" అంది నీలిమ.

"...లోపలికి జారిపోతే?"

తిరుపతమ్మకి తను ఏమన్నదో అప్పుడు తెలిసింది. నాలుక కరుచుకుంది గానీ గుమాస్తా అప్పటికే రాసేశాడు.

"సదరు అభ్యర్థినిని," అని చదివారు పురుషోత్తంగారు, "పరుగు, గెంతు, త్వరిత నడకల నుండి నిషేధిస్తూ, తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు పరిశీలనలో ఉంచడమైనది."

* * *

పరిశీలనకి వేరే గది లేక పురపాలక కల్యాణమండపంలో ఉంచారు. నీలిమ పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చుంది. అదొక్కటే బట్టపరచని కుర్చీ. బట్టకి నూగు అంటుకుంటే? అని తిరుపతమ్మ గుమ్మంలోనే అనేసింది మరి.

మర్నాడు బసవయ్య క్యారియరు తీసుకొస్తే పిల్ల మండపం చుట్టూ నెమ్మదిగా నడుస్తోంది. త్వరితం ఎక్కడ మొదలవుతుందో చూడటానికి ఒక ఉద్యోగిని పెట్టారు. అతనూ వెనకాలే నడుస్తున్నాడు, ఆయాసపడుతూ.

"మరీ ఫాస్టమ్మా!" అంటున్నాడు.

"నువ్వు స్లో అయ్యా బాబూ," అంటోంది నీలిమ.

తిరుపతమ్మ తాటాకు విసనకర్రతో విసరబోతే దాన్ని లాగేసుకున్నారు. తాటాకుకీ పీచుంటుందట. ఆ మాట ఎవరు చెప్పారని అడిగితే, "నిన్న మీరే సెలవిచ్చారు, బజారులో పీచున్నవి ఎన్నో ఉన్నాయని," అన్నారు. నిజమే, ఆ మాట తనే అంది. బయటికి వస్తూ, మాట వరసకి.

మాట వరసకి అన్నదే సర్క్యులరైంది. బుధవారానికల్లా ఊరంతా అంటించారు. "సన్నని, పొడవైన, గుచ్చుకొనగల లేదా అంటుకొనగల సమస్త పదార్థముల విషయమై" అన్నది తలకట్టు.

ముందుగా మంగలి షాపుల దగ్గరికి వెళ్ళారు. కత్తిరించిన వెంట్రుక సన్ననిదా? సన్ననిదే. మెడమీద పడితే గుచ్చుకుంటుందా? గుచ్చుకుంటుంది. క్షవరం చేసే గురవయ్యనీ, కుర్చీలో సగం గడ్డంతో ఉన్న బ్యాంకు క్యాషియరునీ కలిపి తీసుకొచ్చారు. మిగతా సగం గీసేదాకా ఆగమని క్యాషియరు బతిమాలితే, "గీస్తే కొత్త పదార్థం ఉత్పత్తవుతుందండీ," అన్నారు సిబ్బంది.

తర్వాత కొబ్బరికాయలు. గుడి పూజారిగారు పీచు తీసిన కాయ కొడితే నమూనా, తీయని కాయ కొడితే నేరం. ఆయన కొన్నాళ్ళు దేవుడికి అరటిపండుతో సరిపెడదామనుకుంటే, అరటిపండు లోపలి నార మీద స్పష్టత కోరుతూ పైకి రాశామన్నారు.

గురువారం మామిడిపళ్ళ మీద పడ్డారు. మే నెల. పుప్పాలవరంలో రసాలు తినని ఇల్లు లేదు. లెక్కల మాస్టారు శేషగిరిగారు అరుగుమీద కూర్చుని పీచుమామిడి టెంక చీకుతూ పట్టుబడ్డారు. పంటిసందున పీచుంది. తీసుకోబోతే చెయ్యి పట్టుకున్నారు.

"పన్ను నాదయ్యా!" అన్నారు మాస్టారు.

"పన్ను తమరిదేనండీ. పీచు విభాగానిది."

మండపం నిండింది. నిజం చెప్పాలంటే అక్కడ ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఎవరింటి క్యారియర్లు వాళ్ళకి వస్తున్నాయి, మాస్టారు లెక్కలు చెబుతున్నారు, సగం గడ్డం క్యాషియరు పాటలు పాడుతున్నాడు. గురవయ్య ఖాళీ చేతులతో ఉండలేక జనానికి తలలు నొక్కుతున్నాడు. పెళ్ళికి మించిన సందడి. నీలిమ ఒక్కతే కిటికీలోంచి రోడ్డుని చూస్తూ, కాలి బొటనవేళ్ళ మీద లేచి దిగుతూ ఉండేది. అది గెంతు కిందికి వస్తుందా రాదా అని సిబ్బంది ఇంకా తేల్చుకోలేదు.

దురద తగ్గలేదు. అది తగ్గాలంటే తీయాలి. తీయాలంటే, తీస్తే ఏమవుతుందోనన్న అనుమానాలన్నీ తీరాలి. ఆ అనుమానాలకి మూలం తిరుపతమ్మ. అందుకని శుక్రవారం ఆమెకి శాలువా కప్పి "గౌరవ ఆందోళన సలహాదారు" అన్నారు. పురుషోత్తంగారి పక్కన కుర్చీ, దాని ముందు బల్ల, బల్లమీద ఆమె పేరు. టీ కూడా ఇచ్చారు, సాసరుతో.

వేరే రోజయితే ఆ శాలువా చూసి ఇరుగుపొరుగులో వారం రోజులు తలెత్తుకుని తిరిగేది. ఇవాళ దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుని, చేతులు జోడించింది.

"నాకీ కుర్చీ వద్దు సారూ. మా పిల్లని వదిలెయ్యండి. రేపే పరుగు. రేపు పోకపోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో. ఈలోపు వయసు దాటిపోతే? ఆ బెంగతో పిల్ల మంచాన పడితే?"

"మంచాన పడవచ్చును," అన్నారు పురుషోత్తంగారు బరువుగా. "రాయండి. అభ్యర్థినికి బెంగ కలుగు అవకాశమున్నందున, అది పూర్తిగా తీరువరకు బయటికి పంపరాదు."

"అయ్యో, అది కాదు సారూ! ఇక్కడే కూర్చోబెడితే కాళ్ళు పట్టేస్తాయి కదా అని..."

"పట్టివేయవచ్చును. రాయండి. కాళ్ళకు శ్రమ కలుగకుండునట్లు..."

తిరుపతమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. "నేనేమీ అనలేదు సారూ!" అంది వేళ్ళ సందుల్లోంచి.

"చెప్పని ఆందోళనలు చెప్పినవాటికన్నా ప్రమాదకరం," అన్నారు ఆయన, చెయ్యి వెనక్కి పోనిచ్చి వీపు మీద ఎక్కడో వేలితో తాకబోయి, తాకకుండా ఆపుకుంటూ. "రాయండి."

ఆ రోజు ఆఫీసులో అందరూ ఎందుకో కొంచెం వంకరగా కూర్చుని ఉండటం తిరుపతమ్మ గమనించింది గానీ, ఆమె బాధ ఆమెది.

మండపానికి వచ్చి కూతురి పక్కన చతికిలబడింది.

"ఏం మాట్లాడినా రాసేసుకుంటున్నారే నీలూ. నేను నీకోసమే చెప్తున్నా. నోట్లోంచి బయటికొచ్చాక ఇంకోలా అయిపోతుంది."

నీలిమకి కోపం రాలేదు. ముంజేతుల మీద ఎర్రటి చారలు చూసుకుంటూ, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "అమ్మా, నువ్వెప్పుడన్నా భయం లేకుండా ఒక్క మాట మాట్లాడావా?"

తిరుపతమ్మ ఆలోచించింది. "ఎందుకు మాట్లాడలేదే? అన్నం తిన్నావా అని అడగనూ?"

"అదీ, తినకపోతే కళ్ళు తిరిగి పడతాననేగా?"

తిరుపతమ్మ కాదనబోయి, కాదనలేక, నవ్వేసింది. నీలిమ కూడా నవ్వింది. నవ్వు ఆగాక పిల్ల తల్లి భుజం మీద తల వాల్చింది. వాల్చి, నూగు అంటుకుంటుందని మళ్ళీ తనే వెనక్కి తీసుకుంది.

"నాకా ఉద్యోగం కావాలమ్మా," అంది మెల్లిగా. "పరిగెత్తి ఓడిపోతే ఓడిపోతా. కూర్చుని ఓడిపోలేను."

* * *

శనివారం తెల్లవారింది. తిరుపతమ్మ ఆఫీసు తలుపు తీసేసరికి లోపల సిబ్బంది మొత్తం గోడలకి దూరంగా, చేతులు ఒంటికి తగలకుండా రెక్కల్లా ఎత్తిపెట్టి, ఎండలో ఆరేసిన కోళ్ళలా నిలబడి ఉన్నారు. నీలిమ చొక్కా వారమంతా ఫ్యాను కింద తిరిగింది కదా. దాన్లో ఉన్నదంతా ఇప్పుడు వీళ్ళ మెడల్లోనూ, నడుముల్లోనూ ఉంది. పదునైన కిటికీకీ మెత్తని కిటికీకీ సమానంగా పంచింది.

గోక్కోవడానికి వీల్లేదు. అది నేరమని రాసి సంతకం పెట్టింది వాళ్ళే. గుమాస్తాలిద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉన్నారు.

"సలహాదారుగారూ," అన్నారు పురుషోత్తంగారు. ఆయన గొంతు సన్నగా, ఎక్కడో పైనుంచి వచ్చినట్టుంది. "రాత్రి నన్ను నేనే పరిశీలనలో ఉంచుకుంటూ ఉత్తర్వులిచ్చుకున్నాను. ఇక... ఇక తొలగింపు చేపట్టవలెనని విభాగం అభిప్రాయపడుతున్నది. అత్యవసరంగా. కానీ ఎలా తొలగించవలెనో..."

బసవయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనకాలే నీలిమ, బూట్ల లేసులు బిగించి కట్టుకుని. ఆ వెనక, తమ సంగతీ తేల్చమని, పరిశీలనలో ఉన్న జనమంతా. మాస్టారు, గురవయ్య, సగం గడ్డం క్యాషియరు. బసవయ్య జేబులోంచి టేపు చుట్ట తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది అంటించి లాగాలి సార్. దాంతోపాటే వచ్చేస్తయ్," అన్నాడు. ఆ వారంలో ఆయన మాట్లాడిన అతి పొడుగాటి మాట అది.

ప్యూను ఆశగా చెయ్యి చాపాడు. "ఆగు!" అన్నారు పురుషోత్తంగారు. నుదుటిమీద చెమట ముత్యాలు ముత్యాలుగా ఉంది, తుడుచుకోవడానికి లేదు. "నిబంధన ఒకటున్నది. సలహాదారు వద్ద ఆందోళనలు నిశ్శేషంగా ముగిసినట్లు ధ్రువపడనిదే ఎవరి దేహం నుండీ ఏదీ తీయరాదు, ఎవరినీ బయటికి పంపరాదు. ఒక్కటి మిగిలినా రాయవలెను. రాసిన పిదప దాని గురించి సమావేశం జరగవలెను." ఆయన కలం తీశారు. మడమలు జోడించి, నిటారుగా నిలబడి, గోడ వైపు చూస్తూ అడిగారు. "అమ్మా, సెలవియ్యండి. సదరు టేపు అంటించి, లాగి, సదరు అభ్యర్థినిని పరుగుకు పంపినచో ఇంకేమైనా జరగవచ్చునా?"

అందరూ తిరుపతమ్మ వైపు తిరిగారు.

ఆమె నోరు తెరిచింది.

టేపుతో చర్మం ఊడొస్తే? మొదటగా వచ్చింది అదే, నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. దాని వెనకే ఇంకోటి. ఆటో బోల్తా కొడితే? పోనీ ఆయనే బండి మీద తీసుకెళితే, బ్రేకు పడకపోతే? మైదానంలో కుక్కలు వెంటపడితే? ఈ వారమంతా పరుగే లేదు, సగంలో కండరం పట్టేస్తే, కళ్ళు తిరిగితే, పక్కపిల్ల కాలు అడ్డం పెడితే? ఓడిపోతే ఆ మొహం ఎట్టా చూడటం? గెలిస్తే? గెలిస్తే మరీ ఘోరం. ఎక్కడో తెలియని ఊళ్ళో స్టేషను, రాత్రి డ్యూటీలు, లాఠీ పట్టుకుని వీధుల్లో ఈ పిల్ల, ఎదురుగా ఎవడో తాగినోడు...

అన్నీ నిజమే అనిపించాయి. అన్నీ జరగొచ్చు. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. క్యూ గొంతు దాకా నిండి తోసుకుంటోంది.

నీలిమ తల్లివైపు చూడటం లేదు. గోడ గడియారం వైపు చూస్తోంది.

గురవయ్య దగ్గబోయి ఆపుకున్నాడు. మెత్తని కిటికీ గుమాస్తా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఫ్యాను కింద చొక్కా ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. పురుషోత్తంగారి కలం కాగితానికి తాకీ తాకకుండా ఉంది. బసవయ్య భార్యని చూస్తున్నాడు, నిచ్చెన పట్టుకున్నప్పటిలాగే కదలకుండా.

తిరుపతమ్మ నోరు మూసింది. గుటక మింగింది. ఒకటి కాదు, చాలా మింగింది. ఒక్కొక్కటీ గొంతులో గరగరమంటూనే దిగింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంతసేపు ఆ మనిషి మాట్లాడకుండా ఉండటం పుప్పాలవరంలో ఎవరూ చూడలేదు, ఆమె కూతురు అసలే చూడలేదు. నీలిమ గడియారం మీంచి చూపు తిప్పి తల్లిని చూసింది.

"ఏమీ జరగదు సారూ," అంది తిరుపతమ్మ. "రాసుకోండి."